హెచ్‌ఈసీ చదివినవాళ్లకు వెబ్ డిజైన్ ఎందుకు?

 ఈ వార్షికోత్సవ సంచికలో నాలుగు మాటలు రాయమని సంపాదకవర్గం చెల్లెళ్లు అడిగారు గానీ మేం నాలుగైదు పేజీలు తీసుకుంటున్నాం, పెద్దమనసుతో సర్దుకోండి.

మన సంచికలో ఏటా ఒక వ్యాసం "నేటి పోటీ ప్రపంచంలో కంప్యూటర్ పరిజ్ఞానం ఎంతో అవసరం" అని మొదలవుతుంది. డిగ్రీ రెండో ఏట ఆ వాక్యం మేమూ రాశాం. రాసిన రోజుకు మాలో ఒక్కరం కూడా కంప్యూటర్ ముందు గంటసేపు కూర్చుని ఎరగం. అందుకే ఈసారి ఎంతో అవసరం, ఎంతో ముఖ్యం అనే మాటలు పక్కన పెట్టి మాకు జరిగింది, మాకు తోచింది రాస్తున్నాం.

మేమంటే ముగ్గురం. ఒకరం తెలుగు, ఒకరం చరిత్ర, ఒకరం రాజనీతి శాస్త్రం. ముగ్గురం ఎం.ఏ. రెండో సంవత్సరం. ఇంటర్‌లో హెచ్‌ఈసీ, ఆ తర్వాత బి.ఏ., మొత్తం ఐదేళ్లు ఈ హాస్టల్ అన్నమే తిన్నాం. మా ముగ్గురి ఇళ్లలోనూ డిగ్రీ పట్టా ముట్టుకున్న మొదటి చేతులు మావే. ఇది గొప్పకు చెప్పడం లేదు. ఇంట్లో ముందు చదివినవాళ్లు లేకపోతే ఏ కోర్సు మంచిదో, ఏది డబ్బు దండగో చెప్పేవాళ్లు ఉండరు. అది తెలియకే మాలో ఒకరం 18,000 రూపాయలు పోగొట్టుకున్నాం.

డిగ్రీ అయిన వేసవిలో జరిగిందిది. అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర బస్సు దిగితే గోడ కనిపించదు, అన్నీ బోర్డులే. "ఏ డిగ్రీ అయినా పర్వాలేదు", "మూడు నెలల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం". ఆ బోర్డుల్లో ఒకదాని కింద మెట్లెక్కి వెబ్ డెవలప్‌మెంట్‌లో చేరాం. అమ్మ మహిళా సంఘంలో అప్పు తీసి ఫీజు కట్టింది. మొదటిరోజు గదిలో 80 మందికి పైగా ఉన్నారు. "హెచ్‌టీఎంఎల్ అందరికీ తెలిసిందే కదా" అన్నాడు సారు. వెనక బెంచీల నుంచి జవాబు రాకముందే రెండు రోజుల్లో అది ముగించి జావాలోకి వెళ్లిపోయాడు. పక్కన కూర్చున్నవాళ్లంతా బీటెక్ వాళ్లు. మూడో వారానికి నోట్సు రాసుకోవడం కూడా ఆగిపోయింది. ఫీజు వాపసు అడిగితే రసీదు వెనక్కి తిప్పి చూపించారు. తిరిగి ఇవ్వబడదని ఇంగ్లిష్‌లో, చీమ తలంత అక్షరాల్లో ఉంది. ఆ అప్పును అమ్మ 20 నెలలు వాయిదాలుగా తీర్చింది. "నేర్చుకున్నవా బిడ్డా?" అని అడిగితే "ఆఁ, కొంచెం అమ్మా" అని చెప్పిన అబద్ధం ఇప్పటికీ గుచ్చుతూనే ఉంటుంది.

చాలాకాలం తప్పు మాదే అనుకున్నాం. ఆర్ట్సోళ్లం, లెక్కలు రానోళ్లం, మనకెందుకీ పని అనుకున్నాం. బంధువులూ అదే అన్నారు. "గ్రూప్స్ రాయిండ్రి, డీఎస్సీ రాయిండ్రి, గా కంప్యూటర్ల జోలికి పోకుండ్రి."

రెండేళ్ల తర్వాత యూనివర్సిటీ లైబ్రరీలో వేరే పుస్తకం కోసం వెతుకుతూ వెబ్ చరిత్ర చదివినప్పుడు గానీ మాకు అసలు సంగతి అర్థం కాలేదు. మాలో చరిత్ర చదివే ఆమెకు ఏదైనా వస్తువు కనిపిస్తే అది ఎప్పుడు, ఎందుకు, ఎవరి అవసరం కోసం పుట్టిందని అడగడం అలవాటు. ఆ అలవాటే మమ్మల్ని మళ్లీ ఈ దారిలోకి తెచ్చింది.

స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ సరిహద్దులో సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ ఉంది. అక్కడ పనిచేసే టిమ్ బెర్నర్స్ లీ 1989 మార్చిలో పై అధికారికి ఒక ప్రతిపాదన ఇచ్చాడు. ఆయన బాధ చాలా మామూలు బాధ. ఆ సంస్థకు వేలమంది వస్తారు, రెండేళ్లు పనిచేసి వెళ్లిపోతారు, వాళ్లకు తెలిసిన విషయాలు వాళ్లతోనే పోతాయి. కాగితాలు ఎక్కడో ఉంటాయి, ఎక్కడున్నాయో తెలిసినవాళ్లు ఉండరు. ఒక కాగితం నుంచి ఇంకో కాగితానికి దారి వేస్తే ఇలా పోకుండా ఉంటాయి కదా అన్నాడు. పై అధికారి ఆ ప్రతిపాదన మీద అస్పష్టంగా ఉంది గానీ ఆసక్తికరంగా ఉందని రాశాడట. అందులోంచే వెబ్, హెచ్‌టీఎంఎల్ పుట్టాయి. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఈ వెబ్‌ను ఎవరైనా, పైసా ఇవ్వకుండా వాడుకోవచ్చని ప్రకటించి వదిలేసింది.

ఇది చదివి మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మనుషులు వచ్చి రెండు మూడేళ్లుండి వెళ్లిపోవడం, వాళ్లతోపాటే అన్నీ పోవడం, అది మన హాస్టల్ సంగతే కదా! ఇక పైసా లేకుండా ఇచ్చినదాని మొదటి పాఠం కూడా సరిగా చెప్పకుండా మా దగ్గర 18,000 తీసుకున్నారు కదా అన్నది రెండో సంగతి.

ఆ తర్వాత కోర్సులో చేరలేదు. స్కాలర్‌షిప్పు డబ్బులు పడ్డప్పుడు ముగ్గురం కలిపి 14,500కు ఒక పాత ల్యాప్‌టాప్ కొన్నాం. దాని బ్యాటరీ చచ్చిపోయింది, ప్లగ్గు పెడితేనే బతుకుతుంది. కరెంటు పోతే మా చదువూ పోతుంది. ఫ్రీకోడ్‌క్యాంప్ అనే ఉచిత పాఠాలు పట్టుకున్నాం. 2014లో దాన్ని మొదలుపెట్టిన క్విన్సీ లార్సన్ అంతకుముందు బడి నడిపిన మనిషి, ముప్ఫైల్లోకి వచ్చాక కోడింగ్ నేర్చుకున్నాడని తెలిసి ధైర్యం వచ్చింది. అనుమానం వస్తే ఎండీఎన్‌లో చూసుకునేవాళ్లం. అదీ ఉచితమే.

హెచ్‌టీఎంఎల్ గురించి మా అభిప్రాయం సూటిగా చెబుతాం. ఇది లెక్కల సబ్జెక్టు కాదు, వ్యాకరణం. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది పట్టిక, ఇది ఫలానా చోటికి దారి అని ప్రతి మాటకూ దాని హోదా చెప్పడమే హెచ్‌టీఎంఎల్. కోణపు బ్రాకెట్లలో ట్యాగు తెరవాలి, పని అయ్యాక మూయాలి. లావు అక్షరాల ట్యాగు తెరిచి మూయడం మరిచామనుకోండి, పేజీ చివరిదాకా అన్నీ లావు అక్షరాలే. మొత్తం ట్యాగులు నూటికి పైగా ఉన్నా రోజూ పనికొచ్చేవి ఇరవై లోపే. సంధులూ సమాసాలూ బట్టీ కొట్టినవాళ్లకు ఇరవై ట్యాగులు ఒక లెక్కా?

సీఎస్‌ఎస్ కొంచెం విసిగించింది. పేజీకి రంగులు, కొలతలు, అమరిక ఇచ్చేది అదే. అందులో ప్రతిదీ ఒక పెట్టె అంటారు. పెట్టెకు లోపలి ఖాళీ ప్యాడింగ్, చుట్టూ గీత బోర్డర్, బయటి ఖాళీ మార్జిన్. ప్యాడింగుకూ మార్జిన్‌కూ తేడా ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కలేదు. చివరికి మన గదిలోని ట్రంకు పెట్టెలు గుర్తొచ్చాయి. పెట్టెలో బట్టలు అసలు విషయం. బట్టలకూ రేకుకూ మధ్య మడిచిపెట్టే న్యూస్ పేపర్లు ప్యాడింగ్. రేకు బోర్డర్. మన పెట్టెకూ పక్కామె పెట్టెకూ మధ్య చీపురు పట్టేంత సందు మార్జిన్. ఆ రోజు నుంచి మళ్లీ తప్పలేదు.

ఇంకో విచిత్రం వినండి. కలర్ అనే ఇంగ్లిష్ మాటలో 'ఓ' తర్వాత 'యు' ఉండాలని ఆరో తరగతిలో బెత్తం దెబ్బలు తిని మరీ నేర్చుకున్నాం. సీఎస్‌ఎస్‌లో ఆ 'యు' రాస్తే రంగు రాదు. అది అమెరికా స్పెల్లింగు. రంగు ఎందుకు రావడం లేదో తెలియక ఒక సాయంత్రమంతా గడిపాం. అలాగే ఫొటో పేరు చివర జేపీజీ పెద్ద అక్షరాల్లో ఉంది, మేం చిన్న అక్షరాల్లో రాశాం. మా ల్యాప్‌టాప్‌లో ఫొటో బ్రహ్మాండంగా కనిపించింది. గిట్‌హబ్‌లో ఉచితంగా పెట్టాక అందరికీ ఖాళీ గడి కనిపించింది. విండోస్ పెద్దా చిన్నా అక్షరాల తేడా పట్టించుకోదు, అక్కడి సర్వర్ పట్టించుకుంటుంది. ఇది తెలియడానికి రెండు రోజులు పట్టింది. ఇలాంటివి మాకే జరుగుతున్నాయనుకుని కుంగిపోకండి, బీటెక్ వాళ్లకూ జరుగుతాయి. వాళ్లు బయటికి చెప్పుకోరు, అంతే.

జావాస్క్రిప్ట్ మాత్రం నిజంగానే కష్టం. 1995లో బ్రెండన్ ఐక్ దాన్ని పది రోజుల్లో తయారుచేశాడట, మాకు పది నెలలు పట్టింది, ఇంకా పూర్తిగా రాలేదు. కానీ మాలో తెలుగు చదివే ఆమె అక్కడ చేసిన పని చెప్పి తీరాలి. గురులఘువులు గుర్తించే పేజీ ఒకటి తయారుచేద్దామని కూర్చుంది. దీర్ఘం గురువు, సున్న ఉన్నది గురువు, సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు. ఈ నియమాలు ఆమెకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. ఉత్పలమాలకు భ ర న భ భ ర వ అని వేళ్ల మీద చెబుతుంది. తీరా 'లక్ష్మి' అని టైపు చేసి ఎన్ని అక్షరాలని కంప్యూటర్‌ను అడిగితే ఏడు అంది! మన కంటికి రెండే. ల ఒకటి. క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిపి ఆరు. మనం పలికేదాన్ని బట్టి లెక్కపెడతాం, యంత్రం విడివిడి గుర్తులు లెక్కపెడుతుంది. పొల్లు కనిపిస్తే తర్వాతి హల్లును దానికే కలుపు అని ఆమె ఒక నియమం రాసింది. ఇంకో నియమం రాసింది. తెల్లవారుజామున నాలుగింటికి లక్ష్మి అంటే ఒక గురువు, ఒక లఘువు అని తెర మీద పడింది. మా ముగ్గురి అరుపులకు పక్క గది వాళ్లు లేచి తలుపు కొట్టారు.

ఛందస్సు చదివిన మనిషికి ప్రోగ్రాం రాయడం చేతకాదని ఎవరైనా అంటే మేం ఇక ఒప్పుకోం. నియమం, మినహాయింపు, మినహాయింపుకు మినహాయింపు. మన వ్యాకరణం సారు మూడేళ్లు చెప్పింది అదే.

ఇప్పుడు అసలు పని గురించి. నేర్చుకున్నదానితో ఏం కట్టాలి? పాఠాల్లో అందరితో కాఫీ దుకాణం పేజీ, పిల్లుల ఫొటోల పేజీ కట్టిస్తారు. మేం కట్టాం, విసుగొచ్చింది. మాకు టిమ్ బెర్నర్స్ లీ బాధ గుర్తొచ్చి మన హాస్టల్ స్టోర్ రూం అల్మారా తెరిచాం. బియ్యం బస్తాల వెనక మన వార్షికోత్సవ సంచికలు 11 దొరికాయి. అన్నింటికన్నా పాతది 2003 నాటిది. రెండింటిని చెదలు సగం తినేశాయి. అవన్నీ చదువుకునేలా ఒక పేజీ కడదామనుకున్నాం.

రెండు సంచికల ఫైళ్లు డీటీపీ అన్న దగ్గర సీడీలో ఉన్నాయి. సంబరంగా తెచ్చి అందులోని వ్యాసాన్ని మా పేజీలో అతికిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు, కామాలు కలిపి చల్లినట్టు వచ్చింది. అప్పట్లో పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టేవాళ్లు. ఆ ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. ఫాంటు తీసేస్తే మిగిలేది గజిబిజి. యూనికోడ్‌లో తెలుగుకు 128 గళ్లతో సొంత స్థలం ఉంది, అక్కడ 'క' ఏ యంత్రంలోనైనా 'క'యే. పాతదాన్ని కొత్తదానిలోకి మార్చే సాధనాలు దొరికాయి గానీ ఒత్తుల దగ్గర తప్పులు చేశాయి. అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని ముగ్గురం అక్షరం అక్షరం దిద్దాం. మిగతావన్నీ చూసి టైపు చేశాం. తెరమీద ఒత్తులు కింది వరుసలోని గుడులను గుద్దుకుంటుంటే లైన్ హైట్ 1.7కు పెంచాం. ఇంగ్లిష్ పాఠాల్లో ఈ మాట ఎవరూ చెప్పరు, వాళ్ల అక్షరాలకు ఒత్తులు లేవు కదా.

ఫొటోల వెనక పేర్లు లేవు. మన వంటమ్మను కూర్చోబెట్టి అడిగితే ఇరవై ఏళ్ల కిందటి పిల్లలను గుర్తుపట్టింది. "గీ పిల్ల పప్పు తినకపోవు. గీ పిల్ల ఇప్పుడు టీచరమ్మ."

అన్నీ సిద్ధమయ్యాయి. ఇక పెట్టేద్దాం అన్న రోజు రాత్రి మాలో రాజనీతి శాస్త్రం చదివే ఆమె ఆపింది. "వీళ్లను అడిగినమా?" అంది.

మేం తెల్లబోయాం. ఆమె చెప్పింది విన్నాక ఇంత పెద్ద విషయం ఎలా మరిచామని సిగ్గుపడ్డాం. ఈ సంచికలు 500 ప్రతులు వేసి మన మధ్య పంచుకున్నవి. వెబ్‌లో పెడితే ఎవరైనా, ఎక్కడినుంచైనా పేరు కొట్టి వెతకొచ్చు. సాంఘిక సంక్షేమ హాస్టల్‌లో చదివిందంటే ఆమె ఎవరో, ఏ వాడనుంచి వచ్చిందో లోకానికి చెప్పినట్టే. అద్దె ఇంటికి వెళ్తే ఇంటిపేరు అడిగి, ఊళ్లో ఎటువైపు ఇల్లని అడిగి తలుపులు మూసే దేశంలో ఉన్నాం. అది చెప్పుకోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. మూడు వరుసల కోడ్ వచ్చినంత మాత్రాన అది మా చేతుల్లోకి రాకూడదు.

దొరికినంత మందికి ఫోన్లు చేశాం. నాలుగు నెలలు పట్టింది. ఒక అక్క ఫోనులోనే ఏడ్చేసింది, తను రాసిన కవిత ఇంకా ఉందని తనకే తెలియదట. "పేరు, ఊరు, మా నాయన పేరు అన్నీ పెట్టు, ఎవలు సూస్తే నాకేంది" అంది. ఇంకో అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "నా పేరు తీసెయ్యి చెల్లె. మా అత్తగారింట్ల తెల్వదు" అంది. తీసేశాం. ఆమె వ్యాసం మాత్రం ఉంచమంది. ఇప్పుడా వ్యాసం కింద పేరు లేదు, తరగతి మాత్రమే ఉంది. ఒప్పుకున్నవాళ్ల పేర్లే పెట్టాం, ఫొటోలు ఏవీ పెట్టలేదు.

ఆర్ట్స్ వాళ్లకు వెబ్ డిజైన్ ఎందుకని అడిగేవాళ్లకు మా జవాబు ఈ నాలుగు నెలలే. ఏ ఫొటో ఎంత వెడల్పుండాలో చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. ఆ ఫొటో పెట్టొచ్చా, పెడితే ఎవరికి ఏమవుతుంది, పెట్టకపోతే ఎవరి చరిత్ర పోతుంది అన్నవి మనం తరగతి గదిలో రోజూ మాట్లాడుకునే సంగతులు. ఈ రెండూ ఒకే మనిషికి తెలిసి ఉండటం మంచిది. లేకపోతే మన గురించి పేజీలు కట్టే పని మన సంగతి తెలియనివాళ్ల చేతుల్లోనే ఉండిపోతుంది.

పేజీ తేలిగ్గా ఉండటం గురించీ ఇలాగే వాదించుకున్నాం. 2020 మార్చిలో హాస్టళ్లు మూసి మనల్ని ఇళ్లకు పంపినప్పుడు ఇంటికంతా ఒకే ఫోను, రోజూ కొంచెమే డేటా, చెట్టెక్కితే గానీ సిగ్నల్ లేదు. ఆ రోజులు గడిపినవాళ్లం ఐదు ఎంబీల బొమ్మలతో పేజీని నింపుతామా? మా మొదటి పేజీ మొత్తం కలిపి 200 కేబీ కూడా లేదు. మా అమ్మ ఫోనులో తెరిచి చూశాకే బాగుందనుకున్నాం.

ఇప్పుడు చెల్లెళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. "అక్కా, ఏఐని అడిగితే నిమిషంలో పేజీ రాసిస్తుంది కదా, మేమెందుకు నేర్చుకోవాలి?" న్యాయమైన ప్రశ్నే. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది, ఆ తర్వాత ఇలాంటివి చాలా వచ్చాయి. మేమూ ఒకదాన్ని పరీక్షించాం. మన హాస్టల్ గురించి పేజీ కట్టమన్నాం. మెరిసిపోయే పేజీ ఇచ్చింది. దానితోపాటు మన హాస్టల్‌కు ఒక స్థాపన సంవత్సరం, ఒక స్థాపకుడు, ఒక నినాదం కూడా సొంతంగా కల్పించి ఇచ్చింది! ఒక్కటీ నిజం కాదు. ఒత్తులు గుద్దుకోవడం అందులోనూ ఉంది. ట్యాగులు రానివాళ్లు ఉంటే ఆ పేజీ అలాగే లోకంలోకి వెళ్లేది. అలాగని దాన్ని తిట్టం. ఇంగ్లిష్‌లో వచ్చే ఎర్రర్లను తెలుగులో విడమరచి చెప్పమంటే విసుక్కోకుండా పదిసార్లు చెబుతుంది. ఏ సారు చెబుతాడు పదిసార్లు? మొదటి రెండు నెలలు మాత్రం దానిచేత రాయించుకోవద్దు. అర్థం చెప్పించుకోండి, రాత మీరు రాయండి.

ఉద్యోగాల మాట దాచకుండా చెబుతాం. మూడు నెలల్లో ఉద్యోగమన్న బోర్డును నమ్మొద్దు. హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ వచ్చినంత మాత్రాన ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వరు. ఆ వరుసలో బీటెక్ వాళ్లే వేలమంది నిలబడి ఉన్నారు, తేలికైన పేజీలు ఏఐ కూడా కట్టేస్తోంది. మా ముగ్గురిలో ఎవరికీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం రాలేదు. ఊళ్లో ఒక టెంట్ హౌస్‌కు పేజీ కట్టి 2,500, ట్యూషన్ సెంటర్‌కు కట్టి 4,000 సంపాదించాం. మూడో ఆయన ఇంకా ఇస్తానంటూనే ఉన్నాడు. గ్రూప్స్, డీఎస్సీ, నెట్ చదువుతూనే ఉన్నాం. మీరూ చదవండి. ఉన్నది వదిలేసి దీని వెంట పడమని మేం చెప్పం. రోజుకో గంట చాలు.

అయితే ఆ గంట ఎక్కడ దొరుకుతుంది? ఇక్కడే మా అసలు విన్నపం. మన కంప్యూటర్ గదిలో నాలుగు కంప్యూటర్లున్నాయి. వాటి మీద నీలం కవర్లున్నాయి. స్కాలర్‌షిప్పు, పరీక్షల దరఖాస్తుల రోజుల్లో తప్ప ఆ కవర్లు లేవవు. మేం వార్డెన్ మేడం గారిని తప్పుపట్టడం లేదు. స్టాక్ రిజిస్టరులో రాసిన వస్తువు పాడైతే సంజాయిషీ ఇచ్చుకోవలసింది ఆమే, పిల్లలు కాదు. తాళం వేసి ఉంచితే ఎవరూ అడగరు, తెరిస్తే నూరు ప్రశ్నలు. ఈ పద్ధతి మారాలి. వాడి పాడైన కంప్యూటర్‌కు మరమ్మతు ఖర్చు ఇవ్వాలి గానీ వాడినందుకు సంజాయిషీ అడగకూడదు. కవర్ కింద ఐదేళ్లు కూర్చున్న కంప్యూటర్ కూడా పాడయినట్టే లెక్క. సాయంత్రం స్టడీ అవర్ తర్వాత రెండు గంటలు గది తెరవాలని, తాళం చేతికి ఇద్దరు సీనియర్లను బాధ్యులను చేసి రిజిస్టరు పెట్టాలని శాఖ అధికారులను కోరుతున్నాం. పూర్వ విద్యార్థినులు ఏటా వార్షికోత్సవానికి శాలువాలు, మెమెంటోలు తెస్తున్నారు. ఈసారి వాటి బదులు నెట్ బిల్లు కడితే సంతోషిస్తాం.

మేడం గారు మా మాట మీద గత ఆరు నెలలుగా ఆదివారాలు పదింటి నుంచి పన్నెండింటిదాకా గది తెరుస్తున్నారు. మొదటి వారం 22 మంది వచ్చారు, ఇప్పుడు తొమ్మిది మంది మిగిలారు. అందులో ఇంటర్ హెచ్‌ఈసీ మొదటి ఏడు చెల్లె ఒకామె వాళ్ల ఊరి బతుకమ్మ పాటలకు పేజీ కడుతోంది. పాటలు పాడేది వాళ్ల నాయనమ్మ. పేరు పెట్టొచ్చా అని ముందు నాయనమ్మను అడిగే వచ్చింది.

చివరిగా ఒక సంగతి. మాకు దొరికిన సంచికల్లో 2006 నాటి దానిలో, 31వ పేజీలో, ఒక అక్క రాసిన వ్యాసం ఉంది. హాస్టల్‌కు కొత్తగా ఒక కంప్యూటర్ వచ్చిందని, దాని మీద గుడ్డ కప్పి ఉంచారని, కనీసం ఆదివారమైనా గుడ్డ తీసి తమకు చూపించాలని అందులో అడిగింది. కింద పేరు ఉన్నచోట చెదలు తిన్నాయి. "బి.ఏ. ద్వితీయ సంవత్సరం" అన్నది మాత్రమే మిగిలింది. వంటమ్మకు కూడా గుర్తు లేదు. ఆ వ్యాసాన్ని ఇంకా మా పేజీలో పెట్టలేదు. అక్కా, ఈ సంచిక మీ చేతికి వస్తే ఏ ఆదివారమైనా పదింటికి కంప్యూటర్ గదికి రండి. మీ పేరు పెట్టాలో వద్దో మీరే చెప్పాలి.

- ఎం.ఏ. ద్వితీయ సంవత్సరం, పూర్వ విద్యార్థినులు